నిరుడు తాగిన నీళ్ళు

"నిరుడు ఈ దినాల్లో నువ్వు యా ఊరి నీళ్ళు తాగినావప్పా?"

నా ఉద్యోగ జీవితంలో ఈ ఒక్క ప్రశ్నను ఎన్ని వేలసార్లు అడిగి ఉంటానో చెప్పలేను. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, పత్తికొండ, ఆలూరు వైపు, ఎండాకాలం తెల్లవారకముందే సైకిలు మీద బయలుదేరి, గడప గడప ముందూ నిలబడి, మడమ దగ్గర పుండుతో నులకమంచం మీద కూర్చున్న మనిషిని ఈ మాట అడిగేవాణ్ణి. అందరూ మొదట నా ముఖంలోకి వింతగా చూసేవారు. కాలికి మందు రాస్తాడనుకున్న మనిషి నిరుటి నీళ్ళ సంగతి అడిగితే ఎవరికైనా అలాగే ఉంటుంది.

నారికురుపు అంటే ఏమిటో ఈనాటి పిల్లలకు తెలియదు. వాళ్ళకు తెలియకపోవడమే మా తరం ఆరోగ్య కార్యకర్తలకు మిగిలిన ఆస్తి అనుకుంటాను. దిగుడు బావుల్లో, కుంటల్లో సైక్లాప్స్ అనే కంటికి ఆనీ ఆనని నీటి పురుగు ఉంటుంది. దాని కడుపులో నారి పిల్లలు పెరుగుతాయి. ఆ నీళ్ళు వడకట్టకుండా తాగిన మనిషి ఒంట్లో అవి చేరి, దాదాపు ఏడాది పాటు ఏ నొప్పీ, ఏ జాడా లేకుండా ఎదుగుతాయి. ఏడాది గడిచాక, ఎక్కువగా కాలి మీద, ఒక పొక్కు లేస్తుంది. నిప్పు పెట్టినట్లు మండుతుంది. మంట చల్లారుతుందని ఆ మనిషి కాలు నీళ్ళలో పెట్టగానే పొక్కు చితికి, మూడడుగుల దాకా పొడవుండే ఆడ పురుగు తల బయటపెట్టి, వేల పిల్లలను ఆ నీళ్ళలోకి వదిలేస్తుంది. తెల్లగా, సన్నగా, వింటినారి లాగా ఉంటుంది కాబట్టే దానికి ఆ పేరు. మందు లేదు, టీకా లేదు, ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రాదనే భరోసా కూడా లేదు. చిన్న పుల్లకు చుట్టి, రోజుకు రెండంగుళాలో మూడంగుళాలో, తెగకుండా లాగుతూ పోవడమే మనవాళ్ళకు తరతరాలుగా తెలిసిన వైద్యం. తెగితే కాలంతా వాచి చీము పడుతుంది. సరిగ్గా వేరుశెనగ విత్తే కాలానికి ఇంట్లో ఇద్దరు ముగ్గురు మంచాన పడితే ఆ ఇంటికి ఆ ఏడు పంట లేనట్లే.

జబ్బు కనబడేది ఈ ఏడాది, అంటుకున్నది నిరుడు. అందుకే ఆ ప్రశ్న.

నేను 1978లో మలేరియా నిఘా పనిలో చేరాను. 1961 నాటికి దేశం మొత్తం మీద 50,000 కేసుల దరిదాపులకు దిగివచ్చిన మలేరియా, 1976లో 64 లక్షలు దాటి తిరగబడిన రోజులవి. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళాలి, జ్వరం ఉన్నవారుగానీ, వచ్చి తగ్గినవారుగానీ ఉంటే ఎడమచేతి వేలు పొడిచి గాజు స్లయిడు మీద ఒక మందపు పూత, ఒక పలుచని పూత తీయాలి, పెద్దవాళ్ళయితే నాలుగు క్లోరోక్విన్ మాత్రలు నా ఎదుటే మింగించాలి. నెత్తురు ఆరిన తరువాత పలుచని పూత మీదనే పెన్సిలుతో నంబరు వేస్తాము. ఆ నంబరూ నా పుస్తకంలోని నంబరూ ఒకటి కాకపోతే ఒకరి జ్వరం ఇంకొకరి పేరు మీదికి పోతుంది. వచ్చి వెళ్ళినట్లు ఆ ఇంటి గోడ మీద గడుల పట్టికలో తేదీ వేసి సంతకం చేయాలి. ఊళ్ళల్లో నాకు పేరు ఉండేది కాదు. "నెత్తురు తీసే ఆయప్ప వచ్చినాడు" అనేవారు. పిల్లలు గరిసెల వెనక్కు పరుగెత్తి దాక్కునేవారు.

అడగడం ఎలాగో నాకు నేర్పింది మాత్రం మా కేంద్రంలో ఉండిన ఒక పాత టీకాల ఆయన. మశూచి రోజుల మనిషి. 1975 మే నెలలో దేశంలో చివరి మశూచి కేసు కనబడిన తరువాత కూడా, 1977లో మన దేశానికి మశూచి లేదని ప్రకటించేదాకా, ఇంకా ఎక్కడైనా దాగి ఉందేమోనని వెతుకుతూ తిరిగినవారిలో ఆయన ఒకరు. ముఖం నిండా పొక్కులున్న బిడ్డ బొమ్మ అచ్చువేసిన కార్డు ఒకటి ఆయన దగ్గర ఉండేది. కేసు చూపించినవారికి 1,000 రూపాయల బహుమానం ప్రకటించిన కాలమది. నన్ను తన వెంట సంతకు తీసుకుపోయి, ఎవరిని అడగాలో, ఎవరిని అడగకూడదో చూపించారు. "ఇంటి పెద్దను మొదట అడగొద్దు నాయనా, ఆయన తన ఇంటి పరువు చూసుకుంటాడు. బడి పిల్లోళ్ళనడుగు, చాకలామెనడుగు, మంగలాయప్పనడుగు. అమ్మవారు పోసిందా అనడుగు, రోగం వచ్చిందా అనొద్దు" అని చెప్పేవారు. మశూచి అనే మాటను ఆయన జీవితమంతా ఇళ్ళ ముందు ఉచ్చరించలేదు. ఆ మాట అంటే గ్రామదేవత సుంకులమ్మకు కోపం వస్తుందని జనం నమ్మే చోట, ఆ నమ్మకాన్ని గౌరవించకుండా ఒక్క కేసు కూడా బయటపడదని ఆయనకు తెలుసు.

ఆయన చెప్పిన ఇంకొక సంగతి కూడా ఇక్కడ రాయాలి. పూర్వం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి నుంచీ ఊళ్ళో చావుపుట్టుకల పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. తలారి వచ్చి చెప్పినది ఆయన రాసుకునేవాడు. చావుకు కారణం అనే గడిలో కలరా, మశూచి, జ్వరం తప్ప నాలుగో మాట అరుదుగా కనబడేదట. 1984 మొదట్లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు ఆ పుస్తకాలు కొన్ని చోట్ల ఎవరి చేతికీ చిక్కకుండా పోయాయి. రద్దు మంచిదా చెడ్డదా అనే చర్చ నాది కాదుగానీ, సరిగ్గా ఆ ఏడాదే మేము ఊరూరా నారికురుపు కేసులు వెతకవలసి రావడంతో, పాత పుస్తకం ఏదీ చేతిలో లేక, మొత్తం లెక్క మనుషుల జ్ఞాపకం మీదనే కట్టవలసి వచ్చింది.

నారికురుపు నిర్మూలన కార్యక్రమం 1983-84లో మొదలయింది. 1984లో దేశం మొత్తం మీద ఏడు రాష్ట్రాల్లో 12,000కు పైగా గ్రామాల్లో, దాదాపు 40,000 కేసులు లెక్కకు వచ్చాయి. ఆ ఏడింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మా కర్నూలు జిల్లాకు ఆ జబ్బు కొత్త కాదు. కర్నూలు వైద్య కళాశాల డాక్టర్లు 1960ల చివరలోనే దాని మీద పరిశోధన చేసి ఉన్నారు.

శిక్షణ ఇచ్చిన డాక్టరుగారు మొదటి రోజు నారికురుపు మాటే ఎత్తకుండా 1854లో లండన్‌లోని సోహో పేటలో వచ్చిన కలరా గురించి చెప్పారు. పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోతే, జాన్ స్నో అనే వైద్యుడు ఏ ఇంట్లో ఎందరు పోయారో గుర్తించుకుంటూ పోయి, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు దగ్గరికి చేరుకున్నాడు. ఆ పంపు పిడి తీయించాడు. అంతవరకు చాలామంది చెబుతారు. మా డాక్టరుగారు మాత్రం ఇంకో రెండు సంగతులు నొక్కి చెప్పారు. పంపుకు దగ్గరలోనే ఉన్న బీరు బట్టీలో డెబ్బై మంది పనివాళ్ళలో ఒక్కరూ చనిపోలేదు, ఎందుకంటే వాళ్ళు ఆ పంపు నీళ్ళు తాగలేదు. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక ముసలావిడ చనిపోయింది, ఎందుకంటే ఆ పంపు నీళ్ళ రుచి మరిగి రోజూ తెప్పించుకునేది. "ఉండవలసిన చోట లేనివాళ్ళను, ఉండకూడని చోట ఉన్నవాళ్ళను వెతకండి. జాడ వాళ్ళే చెబుతారు" అన్నారు. ఆ మాట నేను నోటు పుస్తకం అట్ట లోపలి వైపు రాసుకున్నాను. అది ఆచరణలో ఎంత దూరం తీసుకుపోతుందో అప్పటికి నాకు తెలియదు.

ఆ ఊరి పేరు రాయను. అక్కడివారికి చదవగానే తెలిసిపోతుంది, అది చాలు. ఊరి నడుమ ఆంజనేయస్వామి గుడి వెనుక రాతి మెట్లతో పెద్ద దిగుడు బావి ఉండేది. ఎండాకాలం నీళ్ళు అడుగంటే కొద్దీ ఆడవాళ్ళు ఇంకో రెండు మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బిందె ముంచుకునేవారు. నీళ్ళు తగ్గే కొద్దీ సైక్లాప్స్ చిక్కబడతాయి. ఏప్రిల్, మే, జూన్ నెలలే మాకు గండం.

మొదటి వెతుకులాటలో ఆ ఊళ్ళో పద్దెనిమిది పేర్లు రాసుకున్నాను. పేరు, వయసు, ఇంటి పెద్ద పేరు, పురుగు బయటపడిన తేదీ, ఎన్ని పురుగులు, ఏ నీళ్ళు తాగుతారు, నిరుడు ఏ ఊరికైనా పోయారా. ఈ చివరి గడి నింపడానికే పొద్దంతా పోయేది. నెలా తేదీ అడిగితే ఎవరూ చెప్పలేరు. కాబట్టి మనమే వాళ్ళ ఏడాదిలోకి దిగాలి. ఉగాదికి ముందా, తరువాతా? శ్రీరామనవమి పానకం తాగిన దినం ఈడనే ఉన్నావా? ఏరువాకకు ఎద్దులను కడిగినప్పుడు? వైశాఖంలో ఎవరి పెండ్లికన్నా పోయింటివా? అలా అడుగుతూ పోతే, అప్పటిదాకా "యాడికీ పోలేదు సార్" అన్న మనిషి ఒక్కసారిగా "ఆఁ, మా చెల్లెలి కూతురు పెండ్లికి మూడు దినాలు పోయింటి గదా" అనేవాడు. ఒక్కో పేరు వెనుక ఒక్కో పెళ్ళి, ఒక్కో కాన్పు, ఒక్కో ఎద్దుల బేరం. నా పుస్తకంలో జబ్బు కోసం రాసుకున్న ఆ గడుల్లో ఆ ఊరి ఏడాది బ్రతుకంతా ఉండేది.

నీళ్ళలో పురుగు ఉందంటే మొదట ఎవరూ ఒప్పుకోలేదు. చేసిన పాపమని కొందరు, ఒంట్లో వేడి అని కొందరు అన్నారు. ఒకనాడు ఒక అవ్వ, కాలికి పుల్ల కట్టుకుని కూర్చుని ఉన్న మనిషే, "మా తాతల నాటి బావి నాయనా, అమృతం మాదిరి ఉంటాయి నీళ్ళు, నువ్వేమో పురుగులంటావు" అని నొచ్చుకుంది. ఆమె ఇంట్లోని బిందెలోంచే ఒక గాజు గ్లాసులో నీళ్ళు ముంచి, వాకిట్లో ఎండకు ఎత్తి పట్టుకున్నాను. కాసేపు ఏమీ కనబడలేదు. నీళ్ళు నిలకడ పడ్డాక, ఆవగింజలో పదో వంతు ఉండే తెల్లని చుక్క ఒకటి గ్లాసు అడుగు నుంచి తటుక్కున పైకి ఎగిరి, ఆగి, మళ్ళీ ఎగిరింది. తరువాత ఇంకొకటి. భూతద్దం ఆమె చేతికిచ్చాను. చాలాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి, చనిపోయిన తన భర్త పంచె ఒకటి తెచ్చి, రెండు మడతలు వేసి బిందె మూతికి కట్టింది. ఆ వారం రోజుల్లో ఆ వీధిలో పదకొండు ఇళ్ళలో బిందెలకు గుడ్డ కట్టారు. నేను ఇచ్చిన ఏ ఉపన్యాసమూ చేయని పని ఆ గ్లాసు చేసింది. ఇంకా చెప్పాలంటే ఆ అవ్వ చేసింది.

ఆ సాయంత్రం కేంద్రానికి తిరిగి వచ్చి లాంతరు వెలుగులో ఊరి పటం గీశాను. రెడ్ల వీధి, కమ్మరి ఇళ్ళు, బోయ వీధి, అన్నింటిలో చుక్కలు పడ్డాయి. ఊరికి దక్షిణాన ఉన్న దళితవాడలో నలభైకి పైగా ఇళ్ళున్నాయి. అక్కడ పటం తెల్లగా ఉంది. నేను సరిగ్గా తిరగలేదేమోనని అనుమానం వచ్చి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ పోయి ప్రతి మనిషి కాళ్ళూ చూశాను. లేదు. ఊళ్ళో అందరికంటే పేదవాళ్ళు, అందరికంటే ఎక్కువగా వట్టికాళ్ళతో పొలాల్లో తిరిగేవాళ్ళు, వాళ్ళకు మాత్రం నారి లేదు.

కారణం చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది. వాళ్ళను ఆ బావి మెట్లు దిగనివ్వరు. వాళ్ళు వంకలో ఇసుక తోడి, చెలమల్లో ఊరిన నీళ్ళు చిప్పతో ముంచుకుని తెచ్చుకుంటారు. ఒక బిందె నిండడానికి గంట పడుతుంది. ఇసుకలో వడిసి, ఏ పూటకాపూట కొత్తగా ఊరే ఆ నీళ్ళలో సైక్లాప్స్ లేవు. డాక్టరుగారు చెప్పిన బీరు బట్టీ నాకు ఆ వంకలో కనబడింది. ఒక ఊరు తన మనుషులకు చేసిన అన్యాయం, ఒక్క ఈ జబ్బు విషయంలో మాత్రం, వాళ్ళను కాపాడింది. ఈ సంగతిలో ఎవరూ మంచిని వెతకవద్దు. ఆ చెలమల దగ్గర ఆడబిడ్డలు తెల్లవారుజామున మూడు గంటల నుంచి వంతుకు కూర్చోవడం నేను కళ్ళారా చూశాను.

ముసలావిడ కూడా దొరికింది, అంటే, ఉండకూడని చోట ఉన్న కేసు. రెండో వెతుకులాటలో ఆ వాడలోనే ఇరవై ఏళ్ళ పిల్లవాడికి చీలమండ దగ్గర పొక్కు లేచింది. ఒక్కడికే. చెలమ నీళ్ళే తాగినానన్నాడు. ఉగాది అడిగాను, పెళ్ళిళ్ళు అడిగాను, జాతర అడిగాను, దేనికీ పోలేదన్నాడు. నేను లేచి వచ్చేస్తుండగా, పొయ్యి ముందు కూర్చుని ఉన్న వాళ్ళమ్మ తల తిప్పకుండానే అంది: "నిరుడు మీ మామోళ్ళ ఊర్లో బాయి పూడిక తీసేదానికి పదైదు దినాలు పోలేదారా? ఒంటినిండా బురదతో వచ్చింటివి." పిల్లవాడు నోరు తెరిచి అమ్మ వైపు చూశాడు. నేను మళ్ళీ కూర్చున్నాను. ఆ ఊరి దిగుడు బావిలో ఎండాకాలం పూడిక ఎత్తడానికి కూలికి పోయాడు. పని చేసేటప్పుడు దప్పికైతే ఏ నీళ్ళు తాగినావు అంటే, "ఆ బాయి నీళ్ళే సార్, లోపలనే ఉంటిమి గదా" అన్నాడు. బిందె ముంచుకోవడానికి దిగకూడని మెట్లు బురద ఎత్తడానికి దిగవచ్చు. పదిహేను రోజులు. అక్కడ పట్టుకుంది.

ఆ ఊరు మా పరిధిలోది కాదు. అయినా సైకిలు వేసుకుని పోయాను. అక్కడి నుంచి నెల నెలా పైకి పోతున్న నివేదికలో కేసులు సున్నా. బడిలో పిల్లలకు బొమ్మ కార్డు చూపించి, మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగితే నాలుగు చేతులు లేచాయి. నలుగురి ఇళ్ళకూ పోయాను, నలుగురి కాళ్ళకూ పుల్లలే. రాసుకుని వచ్చి మా డాక్టరుగారికి ఇచ్చాను. ఆ తరువాత నాకు మంచి మాటలేమీ దొరకలేదు. ఎవరి పరిధిలోకో పోయి వేలు పెట్టానని, సున్నా ఉన్న చోట నాలుగు చేర్చి లెక్క చెడగొట్టానని ఒక పై అధికారి నన్ను నిలబెట్టి అడిగారు. పేరు చెప్పను, ఆయన ఇప్పుడు లేరు. సున్నా రాయడం సులభం. వెతికి రాసిన సున్నాకూ, వెతకకుండా రాసిన సున్నాకూ కాగితం మీద తేడా కనబడదు. ఏడాది తరువాత ఎవరి కాలి మీదనో కనబడుతుంది. ఆ రోజు నేను ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను. తల వంచుకుని నిలబడ్డాను. కానీ ఆ నాలుగు పేర్లు మాత్రం కొట్టివేయలేదు.

ఇంకొకరిని అంతసేపు తప్పుపట్టిన తరువాత నా తప్పు కూడా రాయాలి. అది చిన్న తప్పు, ఒక తేదీ.

పంచె కట్టిన ఆ అవ్వకే మరుసటి ఏడు రెండోసారి నారి వచ్చింది. నేను పోయిన రోజు పురుగు తల బయట ఉంది. "ఎప్పుడొచ్చింది అవ్వా?" అంటే "ఏరువాకకు ముందే నాయనా" అంది. ఏరువాక గడిచి అప్పటికి నాలుగు రోజులు. "ముందే" అంటే ఎన్ని రోజుల ముందు అని నేను అడగలేదు. ఎండ దంచుతోంది, ఇంకా రెండు ఊళ్ళు మిగిలి ఉన్నాయి. పురుగు బయటపడిన తేదీ అనే గడిలో నేను చూసిన తేదీ వేశాను. పురుగు పిల్లలు సైక్లాప్స్‌లోకి చేరాక, మనిషికి అంటుకునే దశకు ఎదగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ లోపల బావిలో టెమిఫాస్ మందు వేస్తే సైక్లాప్స్ చచ్చి, గొలుసు తెగుతుంది. మందు మా దగ్గర అయిపోయి ఉంది. నా పుస్తకం ప్రకారం ఇంకా వ్యవధి ఉంది కాబట్టి, తెప్పించి తొమ్మిదో రోజున వేశాను. నిజానికి ఆ అవ్వకు పొక్కు చితికి అప్పటికి మూడు వారాలు దాటింది. ఆ రోజుల్లో ఆమె బావిలోకి దిగుతూనే ఉంది, ఇంట్లో నీళ్ళు తెచ్చే మనిషి ఆమె ఒక్కతే.

మరుసటి ఏడాది మే నెలలో ఆ వీధిలో ఇద్దరు పిల్లలకు, అన్నకు తొమ్మిదేళ్ళు, చెల్లెలికి ఆరు, కాళ్ళలో నారి వచ్చింది. నేను పాత పుస్తకం తీసి తేదీలు వెనక్కి లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అదే బావి, అదే పక్షం. ఆ ఆరేళ్ళ పిల్ల పురుగు పూర్తిగా రావడానికి ముప్పై రోజులకు పైగా పట్టింది. రోజూ సాయంత్రం నేనే పోయి గుడ్డ తడిపి, పుల్లను ఒక చుట్టు తిప్పేవాణ్ణి. ఆ పిల్ల ఏడవకుండా పళ్ళు బిగించి, పుల్ల వైపే చూస్తూ, ఎన్ని చుట్లయిందో లెక్కపెట్టేది. వాళ్ళ నాయన నాకు రోజూ మజ్జిగ ఇచ్చేవాడు. ఆయనకు ఆ తేదీ సంగతి నేను చెప్పలేదు. చెప్పవలసింది.

అప్పటి నుంచి నా పుస్తకంలో తేదీకి రెండు గడులు గీసుకున్నాను: చూసిన తేదీ ఒకటి, వాళ్ళు చెప్పిన తేదీ ఒకటి.

మందు కొలత గురించి కూడా ఇక్కడే చెబుతాను. 1,000 లీటర్ల నీళ్ళకు 1 గ్రాము మందు పడాలి. మాకు వచ్చే సీసాలో మందు సగం పాళ్ళే కాబట్టి 2 మిల్లీలీటర్లు. మరి బావిలో ఎన్ని నీళ్ళున్నాయో ఎలా తెలుస్తుంది? అడుగుకొక ముడి వేసిన తాడుకు రాయి కట్టి లోతు చూసేవాళ్ళం, పొడవు వెడల్పులు మెట్ల మీద నడిచి కొలిచేవాళ్ళం. ఆ గుడి వెనుక బావి జూన్ మొదట్లో ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు ఉండేది. 90,000 లీటర్లు, 180 మిల్లీలీటర్లు. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయినా ఈ అంకె నా నోటి నుంచి పోలేదు. మందు వేసేటప్పుడు ఊరివాళ్ళు చుట్టూ చేరి, మా నీళ్ళలో విషం కలుపుతున్నారని గొడవ పడిన రోజులున్నాయి. కలిపిన నీళ్ళు వాళ్ళ ముందే ముంచుకుని నేను తాగేవాణ్ణి. ఆ కొలతలో మనిషికి హాని లేదని నాకు చెప్పారు, నేను నమ్మాను. నేను నమ్మినట్లు వాళ్ళకు కనబడాలి కదా.

చివరికి ఆ ఊరిని గట్టెక్కించింది మందు కాదు. మెట్లు మూసి, చుట్టూ గోడ లేపి, గిలక పెట్టి, దిగుడు బావిని చేదబావి చేశారు. దళితవాడలో ఒక చేతిపంపు, ఊళ్ళో రెండు వేశారు. దళితవాడలో పంపు ముందు వేయాలని మా డాక్టరుగారు పట్టుబట్టారు, ఆ పటమే ఆయన చేతిలోని ఆధారం. జబ్బు లేని చోట పంపు ఎందుకని అడిగినవారికి, ఊళ్ళో బావి మూసిన రోజు ఊరివాళ్ళంతా వంకకు పోతే ఆ చెలమలు ఎవరికి మిగులుతాయని ఆయన ఎదురడిగారు. పంపులో నీళ్ళు పడిన రోజు తెల్లవారుజామున మూడింటికి లేవవలసిన పని తప్పిన ఆడవాళ్ళ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. చేదబావి దగ్గర మాత్రం అందరూ సంతోషపడలేదు. నలభై అడుగుల లోతు నుంచి తాడుతో చేదవలసి వచ్చేసరికి అవ్వ అరచేతులు బొబ్బలెక్కాయి. "కాలిది చేతికి తెచ్చినావు గదా నాయనా" అంది. ఆ మాటలో కోపం లేదు, నిజం ఉంది. సంవత్సరాల తరబడి ఆ భారం ఆడవాళ్ళ చేతులే మోశాయి.

ఆ తరువాత మా ఊళ్ళలో నారి కనబడలేదు. కనబడకపోయినా మేము తిరగడం మానలేదు, మానకూడదు కూడా. ఏడాదికి మూడుసార్లు అదే సైకిలు, అదే బొమ్మ కార్డు, అదే ప్రశ్న. "లేని రోగానికి ఎందుకు తిరుగుతావు సార్, ఇంకో పని లేదా" అని అడిగేవారు. బడి పిల్లల్లో ఆ బొమ్మ చూసి భయపడేవారు పోయి, నవ్వేవారు వచ్చారు. దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో దొరికింది. ఆ ఏడు దేశం మొత్తం మీద తొమ్మిది కేసులే. ఆ తరువాత మూడేళ్ళకు పైగా ఒక్క కేసూ లేదని రుజువు చేసుకున్నాక, 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి నారికురుపు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. ఆ వార్త నేను బస్టాండులో టీ కొట్టు దగ్గర చదివాను. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి, ఆలూరు బస్సు కనబడితే ఎక్కేశాను.

అవ్వ లేదు, పోయి నాలుగేళ్ళయిందన్నారు. బావి గిలక తుప్పు పట్టి ఉంది, గోడ పగులులోంచి రావి మొక్క లేచింది. ఆరేళ్ళప్పుడు చుట్లు లెక్కపెట్టిన ఆ పిల్ల కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. గడపలో నన్ను చూడగానే గుర్తుపట్టి, ఒళ్ళోని బిడ్డను తల్లి చేతికిచ్చి, చీర కొంచెం పైకి జరిపి చీలమండ మీది మచ్చ చూపించింది. వేలి గోరంత, తెల్లగా, కొద్దిగా గుంటపడి ఉంది. వాళ్ళ నాయన అరుగు మీదనే కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఆ రోజు, పద్నాలుగేళ్ళ తరువాత, తేదీ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు బావి వైపు చూస్తూ ఉండిపోయాడు. తరువాత లోపలికి కేక వేశాడు, "సార్‌కు మజ్జిగ తెండి" అని.